ముర్రుపాలకు ముందు

పొద్దు పొడిచేసరికి నాలుగో పందిపిల్ల కూడా కాళ్ళు చాచింది.

చెవులు రెండూ నేరేడుపండు రంగుకు తిరిగాయి. పొట్ట కింద అదే రంగు మచ్చలు. నిన్న సాయంత్రం దాకా వెనక కాళ్ళు ఈడ్చుకుంటూనైనా తవుడు తొట్టి దగ్గరికి వచ్చిన పిల్ల. తెరేసమ్మ దాన్ని గోనెసంచిలో చుట్టింది కాని, లేవనెత్తలేకపోయింది. పదివారాల కిందట తల్లి కడుపులోంచి దాన్ని అందుకున్నవి ఈ చేతులే. ఇప్పుడు గోతికి మోయవలసినవీ ఇవే.

"నువ్వు లోపలికి పో అమ్మా. సున్నం నేను చల్లుతాను," అన్నాడు జాన్‌బాబు.

కొడుకు గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. కోపం నిప్పు వంటిది, దాని దగ్గర చేయి కాచుకోవచ్చు. ఈ అయిదు రోజులుగా అతను మాట్లాడుతున్న మాటల్లో చల్లారిన బూడిద తప్ప మరేమీ లేదు.

దడి అవతల రావమ్మ నిలబడి ఉంది. వరసకు వదిన, ఇరుగింటి మనిషి, పాతికేళ్ళుగా ఉప్పూ నిప్పూ ఇచ్చిపుచ్చుకున్న మనిషి. ఈ దొడ్డి మట్టి కాలికి అంటితే జ్వరం తన దొడ్డికి నడిచి వస్తుందని జాన్‌బాబు చెప్పిన నాటి నుంచి ఇవతలికి అడుగు పెట్టలేదు. అతను చెప్పినవాటిలో ఆమె నమ్మిన మాట అదొక్కటే.

"నాలుగా అల్లుడూ?"

"నాలుగు అత్తా."

"నా ఎనిమిదీ తొట్టి బోర్లించి మరీ తింటన్నాయి. వాటికి రెణ్ణెల్లు నిండాక పొడిచావు. మీ అమ్మ పిల్లలకేమో బొడ్డు తడి ఆరకముందే పొడిచావు. ఏది మందో ఏది విషమో తెలవటానికి డాక్టరు చదువు చదవాలంటావా?"

"మందు ఒకటే అత్తా. పొడిచిన రోజే వేరు."

"అదేగా నేనూ మొత్తుకునేది! పుట్టీ పుట్టగానే, చుక్క పాలన్నా తాగనీకుండా సూదులు గుచ్చితే బతుకుతాయా? మా పందులకి నువ్వు డాక్టరువి అవుతావనుకున్నాం. మా పందుల్ని చంపి డాక్టరువి అవుతావనుకోలా."

"వదినా!" అంది తెరేసమ్మ.

"నిన్ను కాదులే వదినా. నీ కడుపుకోత నాకు తెలవదా?" రావమ్మ గొంతు ఒక్కసారి తగ్గి, మళ్ళీ లేచింది. "అల్లుడూ, విను. మా రెండో పంది పొద్దుటి నుంచీ గడ్డి కరుచుకెళ్ళి మూల పరుచుకుంటంది. సాయంత్రానికి ఈనుద్ది. నీ టీకాల ఐసు డబ్బా పట్టుకుని నా దడి దాటావంటే మాత్రం మంచిగుండదు."

ఇదివరకైతే జాన్‌బాబు ఆమెతో గంటసేపైనా వాదించేవాడు. ఇవాళ గోతి వైపు తిరిగి, పార అందుకున్నాడు.

"రానత్తా. ఆ పద్ధతి ఇక ఎవరికీ చెయ్యను."

ఆ మాట వినగానే తెరేసమ్మ వెనక్కి చూడకుండా ఇంట్లోకి నడిచింది.

*

ఇంట్లో శౌరయ్య పీట మీద కూర్చుని, చల్లారిన టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఆయన ఆ పేట గుడికి ఉపదేశి. ఫాదరు గారు రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపేదీ, చావు ఇంట్లో కీర్తన ఎత్తేదీ ఆయనే. నలుగురి దుఃఖానికీ మాటలు ఇవ్వగలిగిన మనిషి, సొంత ఇంటి గడప లోపల మాత్రం ముప్పై ఏళ్ళుగా మౌనవ్రతుడు.

జాన్‌బాబు కాళ్ళు కడుక్కుని వచ్చి, అట్టబైండు నోటు పుస్తకం తెరిచాడు. ప్రతి ఆదివారం విజయవాడ నుంచి బస్సులో వచ్చి, పిల్లలను గోతంలో వేసి, వేలాడే కాటాకు తగిలించి తూచిన తూకాలన్నీ అందులో ఉన్నాయి. పేటలో సగం ఇళ్ళ పిల్లలకు పుట్టిన క్షణమే, తల్లిపాలు నోట పడకముందే టీకా వేసి, రెండు గంటలు ఆపి ఆ తరువాత పాలకు వదలాలి. తక్కిన సగానికి రెండు నెలలు నిండాక వేయాలి. ఏ పిల్లలు జ్వరాన్ని తట్టుకుంటాయి, ఏవి బాగా పెరుగుతాయి అన్నదే అతని పరిశోధన. పుట్టగానే వేయవలసిన ఇళ్ళలో ముందు ఈనింది ఈ ఇంటి పందే. అంతలోనే సంతలో ఎవరో కొనుక్కొచ్చిన మగపంది వెంట జ్వరం పేటలో అడుగుపెట్టింది.

"సోమవారానికి కాలేజీలో మా సార్ పూర్ణచంద్రరావు గారికి లెక్కలు అందాలి నాన్నా. మిగతా పేటల్లో ఏ పద్ధతి మొదలుపెట్టాలో ఇది చూసే నిర్ణయిస్తారు. పుట్టగానే వేసే టీకా పనికిరాదని రాసేస్తున్నాను."

"నిజం అదే అయితే రాయి," అన్నాడు శౌరయ్య.

"నిజం ఏదో తెలిస్తే కదా! చూడండి. ఒకే ఈత, ఒకే తల్లి, ఒకే రోజు సూది. ఆరో వారానికి అయిదు పిల్లలు పదకొండు కిలోలు దాటాయి. నాలుగు ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోయాయి. ఇదేమిటని సార్ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. సూది వల్ల పెరుగుదల ఆగిందంటే అన్నీ ఆగాలి. ఆగలేదంటే ఏదీ ఆగకూడదు. సగం సగం ఏమిటి? పైగా ఇప్పుడు చచ్చిన నాలుగూ ఆ బొద్దువే. ఏపుగా పెరిగినవి రాలిపోతున్నాయి, బక్కవి నిలబడుతున్నాయి. ఏ పుస్తకంలోనూ దీనికి అర్థం లేదు."

అర్థం ఆ గదిలోనే ఉంది. పొయ్యి పక్కన, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"పోనీ, రావమ్మ పిల్లలకి రెణ్ణెల్లు ఆగి వెయ్యి. దాని ఎనిమిదీ బతికాయిగా," అంది తెరేసమ్మ. గొంతు తనది కానట్టు వినిపించింది.

"ఆ ఎనిమిదింటికీ ఊళ్ళోకి జ్వరం రాకముందే సూది పడిందమ్మా. ఇప్పుడు పుట్టబోయేవాటి సంగతి వేరు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ నెలన్నరకు సన్నగిల్లిపోతుంది. అక్కడి నుంచి రెండు నెలల సూది దాకా పిల్ల దిక్కులేనిది. జ్వరం పక్క దొడ్డిలో కాచుకుని ఉంటే ఆ పదిహేను రోజులు చాలు. అందుకే పుట్టగానే వెయ్యాలనుకున్నాను." అతను పుస్తకం మూశాడు. "అది కూడా కాపాడదని మన పిల్లలే చూపించాయిగా."

బయట పూడ్చిన గోతి మీద సున్నం సరిపోలేదని, రెండో బస్తా కోసం అతను లేచి వెళ్ళాడు.

*

ఇంట్లో ఆలుమగలు ఇద్దరే మిగిలారు.

"వాడికి చెప్పేస్తా," అంది తెరేసమ్మ.

శౌరయ్య ఏమిటని అడగలేదు.

"నువ్వు చూశావుగా ఆ తెల్లారుజామున. దడి పక్కన మొహం కడుక్కుంటా చూశావు. చూసి అటు తిరిగావు."

"తెరేసా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది. ఇయ్యాళ మందు చెడ్డదన్నారు. రేపు నువ్వు చెడ్డదానివంటారు. ఎల్లుండి వాడి చదువే అబద్ధమంటారు. తల్లే వాడి లెక్క పాడుచేసిందని కాలేజీలో నవ్వుతారు."

"మరి రావమ్మ పిల్లలు?"

"దేవుడున్నాడు."

"ఆ మాటే అన్నావు. అప్పుడు కూడా!"

ముప్పై ఏళ్ళలో ఆమె ఆ మాట ఎత్తడం ఇదే మొదలు.

వాళ్ళ తొలిచూలు మగబిడ్డ. బతికి ఉంటే జాన్‌బాబుకు అన్న. పురిటి మంచం మీద పాలు పొంగి రవిక తడిసిపోతుంటే, అత్త సంపూర్ణమ్మ గిన్నె చేతికిచ్చి పిండి పారబొయ్యమంది. ముర్రుపాలు బిడ్డకు పడవని, మూడు రోజులు ఆముదం చుక్క, పంచదార నీళ్ళు చాలునని ఆ ఇంటి ఆచారం. తెరేసమ్మ పాలు పిండి నేల మీద పోసింది. నేల తాగింది. మూడో రోజు పొద్దున బిడ్డ నోట్లో వేలు పెడితే నోరు చల్లగా తగిలింది. గడప బయట శౌరయ్య మోకరించి ప్రార్థన చేస్తున్నాడు. ఒక్కసారి లోపలికి వచ్చి, 'అమ్మా, దాన్ని పాలు ఇవ్వనీ' అనలేదు.

ఆచారం చంపిందో, ఆయువే అంతనో ఆమె ఎవరినీ అడగలేదు. తన చేతుల్లోకి వచ్చిన ఏ పసిప్రాణాన్నీ పాలకు దూరం చేయనని మాత్రం ఒట్టు పెట్టుకుంది. ఆవుదైనా, మేకదైనా, పందిదైనా, ఈనిన మరుక్షణం పిల్లను తల్లి దగ్గర పెట్టేది. పేటలో ఆమె చేయి మంచిదని పేరు.

ఆ చేతికే కొడుకు, పాలు తాగనివ్వకుండా గంప కింద పెట్టే పని అప్పగించాడు.

"నేను అమ్మకి ఎదురు చెప్పలేకపోయాను," అన్నాడు శౌరయ్య, చివరికి.

"తెలుసు."

"ఇప్పుడు నీకూ చెప్పలేను. నీ ఇష్టం."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. సిలువ ఉన్న గోడ వైపు కాదు, వట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

*

జాన్‌బాబు సున్నం బస్తా దింపుతుండగా ఆమె అతని ఎదుటికి వచ్చింది.

"నాయనా, ఆ రోజు నీ బస్సు ఆలస్యమైంది."

"ఏ రోజమ్మా?"

"అవి ఈనిన రోజు. పాలు తాగాయా అని అడిగావు. లేదన్నాను." ఆమె ఊపిరి తీసుకుంది. "తాగాయి."

అతను బస్తా మూతి మీద నుంచి చేయి తీయలేదు. సున్నం వేళ్ళ సందుల్లోంచి జారింది.

"మొదటి పిల్ల నోరు చల్లగా ఉందిరా. నువ్వు వచ్చిందాకా ఆగేట్టు లేదు. దాన్నొక్కదాన్నీ పెడదామనుకున్నా. అది చప్పరిస్తంటే గంప కింద తక్కినవి కేకలు. ఆ కేకలు నేను..." మాట ఆగింది. "నీ అడుగుల చప్పుడు వినపడ్డాక పుట్టినవాటిని తాగనీలా."

"ఎన్ని?"

"అయిదు తాగాయి."

ఆమె దెబ్బ కోసం ఎదురుచూసింది, తిట్టు కోసం ఎదురుచూసింది. అతను పరుగున ఇంట్లోకి వెళ్ళి నోటు పుస్తకం తెచ్చాడు.

"ఏవేవి? వరసగా చెప్పమ్మా."

"బుడ్డది మొదటిది. తరవాత బొల్లిది. పొట్టితోకది. నల్లమచ్చది."

ఒక్కొక్క పేరుకూ అతను చెవి కత్తిరింపు గుర్తు వెతుకుతూ, పెన్సిలుతో టిక్కు పెట్టాడు. నాలుగు టిక్కులు. గోతిలో నాలుగు పిల్లలు.

"ముందు పుట్టినవి ముందరి వరస చన్నులు పట్టాయి. అవి పట్టిన పిల్ల మళ్ళీ వాటిని వదలదు. పాలు అక్కడే ఎక్కువ. అందుకే బొద్దుగా పెరిగాయి. వెనక చన్నులకి పోయినవి బక్కవి. నీ ఎర్ర సున్నా అదేరా. సూది కాదు."

"తల్లిపాల్లో ఉన్న రక్షణ, సూదిలో మందును శత్రువనుకుని చంపేస్తుందమ్మా," అన్నాడు జాన్‌బాబు, తనలో తాను పాఠం అప్పగించుకుంటున్నట్టు. "అందుకే పాలకు ముందు వెయ్యాలనేది. ఆ అయిదింటికీ నేను వేసింది మందు కాదు. వట్టి నీళ్ళు." హఠాత్తుగా తలెత్తాడు. "అయిదన్నావు. అయిదోది ఏది?"

"కుంటిది."

ఇద్దరూ ఒక్కసారే దొడ్డి వైపు చూశారు.

బక్కపిల్లలు నాలుగూ తొట్టిలో మూతులు పెట్టి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తవుడు తింటున్నాయి. అన్నింటికన్నా బలిసిన కుంటిది మాత్రం తొట్టికి దూరంగా, గోడ వారన, తల వేలాడేసి నిలబడి ఉంది. దాని కళ్ళకు పుసి కట్టింది.

తెరేసమ్మకు తన దయ ఎంత దూరం వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు కనిపిస్తోంది. గీతకు అటు ఉన్నవి బతికాయి. ఆమె ఒడిలోకి తీసుకున్నవి ఒక్కటీ మిగిలేలా లేదు.

"అమ్మా," అన్నాడు జాన్‌బాబు. "ఇది రాయాలి. నీ పేరుతో సహా రాయాలి."

"రాయి నాయనా."

"రాస్తే ఈ ఇంటి లెక్క మొత్తం కొట్టేస్తారు. నేను మళ్ళీ మొదటి నుంచి..." అతను పూర్తి చేయలేదు. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడైనా తిడతాడేమోనని ఆమె చూసింది. అతను తిట్టలేదు.

*

దడి దగ్గరికి వెళ్ళి ఆమె ఆ మాట అందరూ వినేలా చెప్పింది. రావమ్మ మొదట నవ్వింది, తరువాత నోటి మీద చేయి వేసుకుంది.

"కొడుకుని కాపాడుకోటానికి కథలు అల్లుతున్నావా వదినా?"

"కొడుకుని కాపాడుకునేదాన్నయితే నోరు మూసుకునేదాన్ని. నీ పిల్లల కోసం చెప్తన్నా. సూది మంచిదే. నేనే చెడగొట్టాను."

రావమ్మ చాలాసేపు ఆ మొహంలోకి చూసింది. పాతికేళ్ళుగా చూస్తున్న మొహం. అందులో అబద్ధం ఎక్కడ దాక్కుంటుందో తనకు తెలుసు.

"రెండు గంటలు పాలాపి పట్టుకోవాలంటే నా వల్ల కాదు. నాకూ ఆ కేకలు పడవు," అంది నెమ్మదిగా. "అల్లుడు ఒక్కడూ సూది వేస్తాడా, పిల్లల్ని పడతాడా? నువ్వు పాడుచేసిన పని నువ్వే నిలబెట్టు. రా. స్నానం చేసి రా."

తల్లీ కొడుకులిద్దరూ కాలువలో తలలు ముంచి, ఉతికిన బట్టలు కట్టుకుని, రావమ్మ గడప ముందు బట్టల సోడా కలిపిన నీళ్ళలో కాళ్ళు కడుక్కున్నారు. శౌరయ్య కూడా అలాగే కడుక్కుని వచ్చి, దడి వారన నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు.

పొద్దు వాలుతుండగా పంది ఈనడం మొదలుపెట్టింది. విజయవాడ నుంచి తెచ్చిన ఐసు డబ్బాలో మంచు సగం నీరైంది. ఒక్కొక్క పిల్లనూ తెరేసమ్మ అందుకుని, ముక్కు తుడిచి, బొడ్డు కట్టి కొడుకు ముందు పెట్టింది. సూది పడగానే పిల్ల గంపలోకి వెళ్ళింది. గంప మీద గోనెపట్టా. గోనెపట్టా మీద ఆమె చేయి.

మొదట రెండు గొంతులు. తరువాత నాలుగు. ఏడు. గంప అంతా ఒక్కటే ఏడుపు. అవతల తల్లి పక్కకు పొర్లి, చన్నులు పరిచి, పిల్లలను పిలుస్తూ మూలుగుతోంది. రావమ్మ చెవులు మూసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఎనిమిదోది చేతిలోకి వచ్చినప్పుడు ఆమె వేళ్ళు ఆగాయి. పిల్ల పిడికెడు లేదు. నోట్లో వేలు పెట్టింది.

"దీని నోరు చల్లగా ఉందిరా."

జాన్‌బాబు సూది వేసి, గడియారం చూసుకున్నాడు. "రెండు గంటలమ్మా."

"ఇది రెండు గంటలు ఆగదు."

"ఆగచ్చు."

"నాకు తెలుసు నాయనా."

ఆమె ఆ పిల్లను తక్కినవాటి వెచ్చదనంలోకి దోపి, గోనెపట్టా కప్పింది. దడి వారన ఉన్న మనిషి వైపు తిరిగింది.

"ఏవయ్యా! నువ్వు చెప్పు. ఈసారన్నా చెప్పు. ఏం చెయ్యమంటావు?"

శౌరయ్య పెదవులు కదిలాయి. అది ప్రార్థనో, జవాబో ఆ కేకల్లో వినపడలేదు.

"ఎంతయింది?" అని అడిగింది కొడుకును.

"ఇరవై నిమిషాలు."

గంపలో ఏడుపులు లెక్కపెట్టింది. ఏడు. ఎనిమిదో గొంతు లేదు. గోనెపట్టా అంచు కింద నుంచి ఆమె చేయి తనకు తెలియకుండానే లోపలికి వెళ్ళింది.

చీకట్లో చల్లని నోరొకటి వెతుక్కుంటూ వచ్చి, ఆమె వేలిని పట్టుకుంది.